ఒగ్గేయడం

గుణుపురం కోర్టులో నేను దుబాసీని.
తెలుగు సాక్షి ఏడిస్తే
ఆ ఏడుపు చుట్టూ ఉన్న మాటల్ని
ఒడియాలో పెట్టడం నా ఉద్యోగం.
ఏడుపుకి దుబాసీ అక్కర్లేదు.

ఇవాళ బోనులో బైరాగి.
మూడోసారి.
మొదట లారీ క్లీనరు చెవి.
తర్వాత సొంత బావమరిది మణికట్టు,
కొడవలి ఎముక దగ్గర ఆగితే
ఇంకో దెబ్బ వేశాడు.
ఇప్పుడు తవిటమ్మ,
సంతలో ఎండునెత్తళ్లు అమ్ముకునే మనిషి.
అప్పివ్వనన్నందుకు
ఆమె తక్కెట్లోని కిలోరాయితోనే
దవడ రెండు ముక్కలు.

మూడుసార్లూ అతని మాట నేనే మోశాను.
"కోపమొచ్చీసింది బావూ, మళ్లీ సెయ్యను."
ఒడియాలో అది "ఆఉ కొరిబి నాహి".
మన చెవికి ఆవులా వినిపిస్తుంది,
అంత సాధువైన మాట.
మొదటిసారి వణుకుతూ చెప్పాను
హామీ ఉన్నది నేనే అయినట్టు.
రెండోసారి కాస్త నెమ్మదిగా.
ఇవాళ అతను నోరు తెరవకముందే
నా నాలిక మీద ఒడియా సిద్ధంగా ఉంది.

ముగ్గురు హాకిములు మారారు.
పాత కేసు కట్టల్లో ఒకటి రాయగడ వెళ్లింది,
ఇంకోటి చెదలకి వాంగ్మూలమిస్తోంది.
ఈ గదిలో మూడింటినీ కలిపి కుట్టిన దారం
నేనొక్కణ్ణే.
దారాన్ని ఎవరూ సాక్ష్యం అడగరు.

"రుచి మరిగింది హుజూర్, బోను మూసెయ్యండి"
అన్నాడు సర్కారు వకీలు.
"ఎనిమిదేళ్లు మీ చేతుల్లోనే ఉన్నాడు కదా,
తివాచీ నెయ్యడం తప్ప
ఆ చేతికి ఇంకేం నేర్పారు?"
అన్నాడు అటువైపు వకీలు.
ఇద్దరిదీ నిజమే అనిపించడం
దుబాసీకి వచ్చే రోగం.

కిందటిసారి వదిలాక
బైరాగి ఈ మెట్ల మీదకే వచ్చాడు.
చేతిలో ఒక కాయితం.
"ఏటి రాసుందండీ?"
నెలకోసారి ఠాణాలో సంతకం పెట్టాలని
చదివి చెప్పాను.
"సంతకం ఎట్టేక?"
కాయితం వెనక్కి తిప్పి చూశాను.
ఖాళీ.
టీ తాగమని పది రూపాయలిచ్చాను.
అంతకన్నా ఏ శాఖా ఏమీ ఇవ్వలేదు,
నేనూ ఇవ్వలేదు.

శిక్ష రాసేముందు హాకిం అడిగాడు,
ఆమె ఏమైనా చెప్పుకుంటుందా అని.
తవిటమ్మ లేచింది. కుడి దవడ కదలదు.
మాటలు ఎడమ పక్కనుంచి
ఒక్కొక్కటే ఒంగి బయటికొచ్చాయి.

"ఎన్నేళ్లేస్తారో మీ ఇష్టం బావూ.
ఈడ్ని ఎప్పుడొగ్గేస్తారో
ఒక్క రోజు ముందు నాకు సెప్పండి.
ఆ పొద్దు సంతకెళ్లను."

ఒగ్గేయడం.
ఇరవై రెండేళ్లలో మొదటిసారి తడుముకున్నాను.
మా వైపు విడుదలన్నా అదే మాట,
దిక్కు లేకుండా వదిలేసినా అదే మాట.
బైరాగిని ఒగ్గేస్తారు.
తవిటమ్మని ఒగ్గేశారు.
ఒడియాలో వెతికాను. ఛాడిబా.
అక్కడా అదే ముడి.
ముడి విప్పకుండానే చెప్పేశాను.

హాకిం కలం ఆగింది.
మంచివాడే, కటకం నుంచి కొత్తగా వచ్చాడు.
"ఇది ఏ గడిలో రాయాలి?"
గుమాస్తా ఫారం తిరగేశాడు.
ఆ రోజు మెట్ల మీద నేను చూసిన ఖాళీ వైపే
అతనూ చూస్తున్నాడు.

పదకొండేళ్లు పడ్డాయి.
బైరాగి నా వంక చూశాడు, అనువదించమన్నట్టు.
అంకెని అంకెలాగే చెప్పాను.

బయట తవిటమ్మ లెక్క పెట్టుకుంటోంది.
పదో వేలు దగ్గర వేళ్లయిపోయి
నా చేతి వైపు చూసింది.
ఆమెకి ఫోను లేదు.
పక్కనున్న కిళ్లీబడ్డీ నంబరు చెప్పింది,
అంకె అంకెకీ ఆగి, దవడ పట్టుకుని.
చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

నా సర్వీసు
ఇంకా నాలుగేళ్లుంది.